గుండె సమస్య ఉంటే రక్తం ఇవ్వొచ్చా? విశాఖవాసుల కోసం మెట్టు మెట్టుగా

"స్టెంట్ వేయించుకుని మూడేళ్లయింది, ఇప్పుడు బాగానే ఉన్నాను, రక్తం ఇవ్వొచ్చా?" "నాన్నగారు బీపీ మాత్ర వేసుకుంటారు, క్యాంపులో వెనక్కి పంపేస్తారా?" "కేజీహెచ్‌లో మావయ్యకి ఆపరేషన్, డోనర్లు దొరకట్లేదు. నాకు వాల్వ్ సమస్య ఉందని చెప్పకపోతే ఏమవుతుంది?"

ఈ మూడు ప్రశ్నలు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉన్నాయి. మొదటివాళ్లు ఇవ్వకూడదు. రెండోవాళ్లు చాలాసార్లు ఇవ్వొచ్చు. మూడోవాళ్లు ఈ పేజీ మొత్తం చదివాకే ఇంట్లోంచి కదలాలి.

ఇక్కడ చెప్పే నియమాలు జాతీయ రక్త మార్పిడి మండలి దాతల ఎంపిక కోసం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లోవి. దేశంలోని బ్లడ్ బ్యాంకులకు ఇవే ఆధారం. మిమ్మల్ని చూసి చివరి మాట చెప్పాల్సింది మాత్రం అక్కడి మెడికల్ ఆఫీసరే.

1. ముందు మీరు ఏ వరుసలో ఉన్నారో తేల్చుకోండి

గుండె జబ్బు అనగానే అందరినీ ఒకే గాట కట్టేయకూడదు. బీపీ ఉన్నాయన తనకి గుండె జబ్బనుకుని మానేస్తారు. బైపాస్ అయినాయన "అంతా సరిచేసేశారు కదా" అనుకుని క్యాంపుకి బయల్దేరతారు. రెండూ పొరపాటే.

ఎప్పటికీ రక్తం ఇవ్వకూడనివాళ్లు:

- ఒక్కసారైనా గుండెపోటు వచ్చినవాళ్లు
- గుండె రక్తనాళాల్లో పూడికలు ఉన్నాయని తేలినవాళ్లు. స్టెంట్ వేయించుకున్నా ఇదే వరుస
- నడిస్తే, మెట్లెక్కితే ఛాతీ పట్టేసే యాంజైనా ఉన్నవాళ్లు
- బైపాస్ సహా ఓపెన్ హార్ట్ సర్జరీ అయినవాళ్లు
- కీళ్లవాతం వల్ల వాల్వ్ దెబ్బతిని, ఆ లోపం మిగిలిపోయినవాళ్లు
- బీపీ వల్ల గుండె దెబ్బతిన్నవాళ్లు
- ఛాతీ నొప్పి, ఆయాసం, కాళ్ల వాపు లాంటి గుండె లక్షణాలతో ప్రస్తుతం బాధపడుతున్నవాళ్లు

డాక్టరు కాగితాలు చూసి తేల్చాల్సినవాళ్లు:

- చిన్నప్పుడు గుండెలో చప్పుడు ఉందన్నారు, తర్వాత ఎకోలో ఏమీ లేదన్నారు
- గుండెలో రంధ్రాన్ని ఆపరేషన్ లేకుండా కాలి నరం గుండా పరికరం పెట్టి మూశారు
- వాల్వ్ కొంచెం వదులుగా ఉందన్నారు, మందులు లేవు, ఇబ్బందీ లేదు
- అప్పుడప్పుడు గుండె ఒక దెబ్బ తప్పినట్టు అనిపిస్తుంది

మిగతావన్నీ సరిగ్గా ఉంటే ఇవ్వగలిగినవాళ్లు:

- మాత్రలతో బీపీ అదుపులో ఉన్నవాళ్లు
- గుండె జబ్బు లేకుండా కొలెస్ట్రాల్ మాత్ర మాత్రమే వాడేవాళ్లు
- నాన్నకో అన్నయ్యకో గుండెపోటు వచ్చింది తప్ప, తమకు ఏ జబ్బూ లేనివాళ్లు
- ఛాతీ నొప్పి వస్తే పరీక్షలన్నీ చేయించుకుని, గుండెది కాదని తేలినవాళ్లు

అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్లో ఒక మాట చెబుతుంటారు: అక్కడి రెడ్ క్రాస్, గుండె జబ్బుకి వైద్యం చేయించుకుని ఆరు నెలలపాటు ఏ లక్షణాలూ లేనివాళ్ల దగ్గర రక్తం తీసుకుంటుందని. నిజమే. కానీ అది అక్కడి నియమం. విశాఖలో ఇచ్చేటప్పుడు ఇక్కడిదే వర్తిస్తుంది.

2. ఎందుకు వద్దంటారో తెలుసుకోండి

ఇది తెలియకపోతే, వద్దన్నప్పుడు అవమానంగా అనిపిస్తుంది.

పది నిమిషాల లోపే 350 మిల్లీలీటర్ల రక్తం ఒంట్లోంచి పోతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో వెంటనే రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె కాస్త వేగం పెంచుతుంది, సర్దుకుంటుంది. పూడికలున్న గుండెకి ఆ వెసులుబాటు లేదు. బీపీ తగ్గగానే గుండె కండరానికే రక్తం తగ్గుతుంది, అదే సమయంలో గుండె ఎక్కువ పని చేయాల్సి వస్తుంది. బయటికి వెళ్లే దారిలో వాల్వ్ సన్నబడి ఉంటే, ఎంత వేగంగా కొట్టుకున్నా కావలసినంత రక్తం బయటికి పంపలేదు.

సూది చూస్తేనే కళ్లు తిరిగేవాళ్లు ఉంటారు. ఆ క్షణంలో నాడి నెమ్మదిస్తుంది, బీపీ పడిపోతుంది. కాళ్లు పైకెత్తి పడుకోబెడితే మామూలు మనిషి కొద్దిసేపట్లో లేచి కూర్చుంటాడు. జబ్బు పడిన గుండెకి ఆ కాసేపే చాలు, ప్రమాదం ముంచుకురావడానికి.

రక్తం ఇస్తే రక్తం పలచబడి పూడికలు కరుగుతాయని వాట్సాప్‌లో తిరిగే మాటని దయచేసి నమ్మకండి. పూడికలకి రక్తదానం వైద్యం కాదు.

3. మాత్రల పేర్లు స్ట్రిప్ చూసి రాసుకోండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

గాజువాక వైపు ఒక క్యాంపులో చూశాను. యాభై దాటిన పెద్దాయన, చలాకీగా ఉన్నారు. డాక్టరమ్మ అడిగింది: "ఏం మాత్రలు వేసుకుంటారు అంకుల్?" "బీపీకేనమ్మా, రోజూ పొద్దున్నే." "స్ట్రిప్ ఉందా?" చొక్కా జేబులోంచి తీశారు. సగం కత్తిరించిన స్ట్రిప్, వెనక సన్నటి అక్షరాలు. ఆమె కళ్లద్దాలు పైకి తోసుకుని చదివింది: క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్. "ఇది బీపీది కాదు అంకుల్. మీకు స్టెంట్ వేశారా?" "వేశారమ్మా, అది ఎప్పుడో." ఆయన అబద్ధం చెప్పలేదు. ఇంట్లో అందరూ దాన్ని బీపీ మాత్ర అనే పిలుస్తారు, అంతే.

అందుకే పేరు రాసుకోండి, మోతాదు రాసుకోండి, ఎందుకిచ్చారో రాసుకోండి. స్థూలంగా లెక్క ఇదీ:

- అమ్లోడిపిన్, టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రలు: గత 28 రోజుల్లో మందు గానీ మోతాదు గానీ మారకుండా, బీపీ అదుపులో ఉంటే ఇవ్వొచ్చు.
- అటెనొలాల్, మెటోప్రొలాల్: ఎందుకిచ్చారన్నదే ముఖ్యం. యాంజైనా కోసమో, గుండె లయ తప్పుతోందనో అయితే ఇవ్వకూడదు. ఒట్టి బీపీకే అయితే డాక్టరు నిర్ణయిస్తారు. ఈ మందులు గుండె వేగం పెరగనివ్వవు కాబట్టి, కళ్లు తిరిగితే తేరుకోవడం ఆలస్యమవుతుంది. ఆ సంగతి ముందే చెప్పండి.
- అమియోడరోన్ లాంటి గుండె లయ మందులు, డైజాక్సిన్, నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్: ఇవ్వకూడదు.
- వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటి రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు: ఇవ్వకూడదు.
- ఆస్పిరిన్: ఆ రక్తంలోంచి ప్లేట్‌లెట్లు తీయాలనుకుంటే, చివరి మాత్ర తర్వాత 3 రోజుల ఎడం ఉండాలి. క్లోపిడోగ్రెల్‌కి 2 వారాలు.
- షుగరుకి ఇన్సులిన్: ఇవ్వకూడదు. షుగరు మాత్రలైతే, నాలుగు వారాలుగా మార్పు లేకపోతే ఇవ్వొచ్చు.

"2 వారాల ఎడం" చదివి కొందరు స్టెంట్ మాత్రలు మానేసి రక్తం ఇవ్వాలనుకుంటారు. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఆ మాత్ర మానేస్తే స్టెంట్‌లో గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. పైగా స్టెంట్ ఉన్నవాళ్లు మాత్ర మానినా ఇవ్వకూడనివాళ్లే. ఆ ఎడం వేరే కారణానికి మాత్ర వాడి, డాక్టరు చెప్పి ఆపించినవాళ్లకి.

4. కాగితాలు ఒక కవర్లో పెట్టుకోండి

- పాత డిశ్చార్జి సమ్మరీ
- చివరిసారి తీసిన ఈసీజీ, ఎకో రిపోర్టులు
- ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ
- ఆధార్ లాంటి గుర్తింపు కార్డు

రెండో వరుసలో ఉన్నవాళ్లు తమ కార్డియాలజిస్టుని ఒక్క ప్రశ్న సూటిగా అడగాలి: "350 మిల్లీలీటర్ల రక్తం ఇస్తే నా గుండె తట్టుకుంటుందా?" సరే అంటే చీటీ మీద రాయించుకోండి. నోటిమాటగా చెప్పింది బ్లడ్ బ్యాంకులో పనికిరాదు. రాసిచ్చినా, అక్కడి డాక్టరుకి కాదనే హక్కు ఉంది.

5. క్యాంపు కాదు, బ్లడ్ బ్యాంకుకే వెళ్లండి

గుండె గురించి ఏ కాస్త అనుమానం ఉన్నా, బీచ్ రోడ్డులోనో కాలేజీలోనో పెట్టే క్యాంపుకన్నా ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న బ్లడ్ బ్యాంకు మేలు. క్యాంపులో వరసగా జనం ఉంటారు, డాక్టరుకి మీతో పది నిమిషాలు మాట్లాడే తీరిక ఉండకపోవచ్చు. బ్లడ్ బ్యాంకులో ఏదైనా తేడా వస్తే ఎమర్జెన్సీ వార్డు పక్కనే ఉంటుంది.

మహారాణిపేటలో కేజీహెచ్ బ్లడ్ బ్యాంకు ఉంది. మిగతావాటి కోసం ఈ-రక్తకోశ్ పోర్టల్లో రాష్ట్రం, జిల్లా ఎంచుకుంటే దగ్గర్లోని బ్లడ్ బ్యాంకులు కనిపిస్తాయి. వెళ్లేముందు ఫోన్ చేసి మీ సమస్య చెప్పండి. అక్కడే వద్దంటే మీకు రానూపోనూ శ్రమ తప్పుతుంది.

6. ముందు రోజు, ఆ రోజు పొద్దున

ఇక్కడి నుంచి మూడో వరుసవాళ్లకి, డాక్టరు సరే అన్న రెండో వరుసవాళ్లకి.

- వయసు 18 నుంచి 65 మధ్య. మొదటిసారి ఇచ్చేవాళ్లు 60 దాటకూడదు
- బరువు కనీసం 45 కిలోలు. 450 మిల్లీలీటర్లు ఇవ్వాలంటే 55 దాటాలి
- హిమోగ్లోబిన్ కనీసం 12.5
- గతంలో ఇచ్చి ఉంటే మగవాళ్లకి 90 రోజులు, ఆడవాళ్లకి 120 రోజుల ఎడం
- డెంగీ తగ్గి 6 నెలలు, మలేరియా తగ్గి 3 నెలలు దాటాలి

రాత్రి బాగా నిద్రపోవాలి. స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో ఫార్మా కంపెనీలోనో నైట్ షిఫ్ట్ చేసి నేరుగా రావద్దు. ఎత్తులో పని చేసేవాళ్లు, క్రేన్ నడిపేవాళ్లు, లారీ, బస్సు డ్రైవర్లు ఇచ్చాక 24 గంటలు డ్యూటీకి వెళ్లకూడదు. అందుకే మర్నాడు సెలవు ఉన్న రోజు చూసుకోండి.

పరగడుపున వద్దు. కార్తీక సోమవారం, శనివారం ఒక్కపొద్దు ఉన్నవాళ్లు ఇంకో రోజు పెట్టుకోండి. రెండు మూడు గంటల ముందు ఇడ్లీయో ఉప్మాయో, చోడి అంబలో తినండి. నూనె ఓడే పూరీ వద్దు. విశాఖ ఉక్కపోతలో చెమటతోనే ఒంట్లో నీళ్లు పోతాయి, కాబట్టి ఇచ్చే ముందు అరగంటలో రెండు పెద్ద గ్లాసుల మంచినీళ్లు తాగండి. ఎండాకాలంలో మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే వెళ్లండి.

బీపీ మాత్ర రోజూ వేసుకునే వేళకే వేసుకోండి. "ఈ ఒక్కరోజు మానేద్దాం" వద్దు, "నంబరు తగ్గాలి, ఇంకోటి వేసుకుందాం" అసలే వద్దు.

7. బీపీ చూసేటప్పుడు జరిగే పొరపాట్లు

పై అంకె 100 నుంచి 140, కింది అంకె 60 నుంచి 90 మధ్య ఉండాలి. నాడి నిమిషానికి 60 నుంచి 100, లయ తప్పకుండా కొట్టుకోవాలి. బీపీ తక్కువున్నా తీసుకోరని చాలామందికి తెలియదు.

ఆటో దిగి, మెట్లెక్కి, ఫ్రెండ్‌తో ఫోన్లో మాట్లాడుతూ చెయ్యి చాపితే నంబరు ఎక్కువే వస్తుంది. ముందు టీ తాగి, సిగరెట్ కాల్చి ఉంటే ఇంకా ఎక్కువ.

- అరగంట ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్ వద్దు
- బాత్రూముకి వెళ్లి రండి
- కుర్చీలో వీపు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి
- కాలు మీద కాలు వేయొద్దు, పాదాలు నేల మీద ఆనాలి
- కఫ్ చొక్కా చెయ్యి మీద కాదు, ఒంటి మీద చుట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి
- చూస్తున్నంతసేపు మాట్లాడొద్దు

టెన్షన్ వల్ల 148 వచ్చిందనుకోండి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడమని అడగండి. అప్పుడూ తగ్గకపోతే ఇంటికెళ్లి ఓ వారం పొద్దున, సాయంత్రం చూసి రాసుకుని, మీ డాక్టరుకి చూపించండి. రక్తం ఇవ్వడానికొచ్చి తనకి బీపీ ఉందని మొదటిసారి తెలుసుకునేవాళ్లున్నారు. ఆ కాగితాన్ని పక్కన పడేయకండి.

8. ఫారం నింపేటప్పుడు తొందరపడొద్దు

ఫారంలో ప్రశ్నలు వరసగా ఉంటాయి. చాలామంది పై నుంచి కింది దాకా అన్నిటికీ "లేదు" అని టిక్కులు పెట్టుకుంటూ పోతారు. గుండె జబ్బు, ఛాతీ నొప్పి, మందులు, ఆపరేషన్లు అన్న చోట ఆగండి. అనుమానం ఉంటే ఖాళీ వదిలి, డాక్టరుని అడిగి నింపండి.

పక్కన బంధువులో ఆఫీసువాళ్లో ఉంటే చెప్పడానికి మొహమాటం వేస్తుంది. "డాక్టరుగారూ, విడిగా ఒక్క మాట" అనండి, చాలు. మీరు చెప్పింది ఎవరికీ చెప్పకూడదన్నది వాళ్ల బాధ్యత.

మొదట్లో అడిగిన మూడో ప్రశ్నకి జవాబు ఇదీ. వాల్వ్ సమస్య దాచి ఇస్తే, మీకేమీ కాకపోవచ్చు కూడా. కానీ బల్ల మీద బీపీ పడిపోయిందనుకోండి, చుట్టూ ఉన్నవాళ్లు మామూలుగా కళ్లు తిరిగాయనే అనుకుంటారు. గుండెకి చేయాల్సిన సాయం ఆలస్యమవుతుంది. లోపల మావయ్య ఆపరేషన్ బల్ల మీద, బయట మీరు ఎమర్జెన్సీలో ఉంటే, ఆ ఇంటివాళ్లు ఎవరి దగ్గర నిలబడాలి?

ఇచ్చి ఇంటికొచ్చాక ఏదైనా గుర్తొచ్చినా బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేసి చెప్పండి.

9. ఇస్తున్నప్పుడు, ఇచ్చాక

పడుకుని ఇచ్చే కుర్చీ ఉంటే అదే అడగండి. మొదటిసారైతే 350 చాలని చెప్పండి. తొడల కండరాలు బిగించి వదులుతూ ఉంటే బీపీ పడిపోకుండా ఉంటుంది. చెమటలు పట్టినా, చెవుల్లో గుయ్‌మన్నా, వికారంగా ఉన్నా వెంటనే చెప్పండి. ఓర్చుకోవడం ఇక్కడ మంచిది కాదు.

- అయ్యాక కనీసం పావుగంట అక్కడే. ఇచ్చిన జ్యూసు, బిస్కెట్లు వదలొద్దు
- అరగంట దాకా బండి నడపొద్దు, తోడు ఉంటే మరీ మంచిది
- ఆ రోజంతా నీళ్లు, మజ్జిగ, కొబ్బరి బొండాం
- సూది గుచ్చిన చేత్తో బరువులు ఎత్తొద్దు
- ఆ రోజు సింహాచలం మెట్లు, కైలాసగిరి ఎక్కడం, జిమ్ వద్దు. 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేయాలనుకుంటే, ఆ వారంలో రక్తం ఇవ్వకపోవడమే నయం
- మందు పార్టీ ఒక రోజు వాయిదా

కళ్లు తిరిగితే పడుకుని కాళ్లు పైకి పెట్టండి. ఛాతీలో నొప్పి, ఎడమ చేతికో దవడకో లాగడం, ఆయాసం, ఆగని గుండె దడ ఉంటే మాత్రం నీరసమని సరిపెట్టుకోకుండా 108కి ఫోన్ చేయండి.

10. వద్దన్నారా? ఇంట్లోవాళ్లకి రక్తం కావాలా?

శాశ్వతంగా వద్దన్న మాట మనసుకి కష్టంగానే ఉంటుంది, ముఖ్యంగా ఇరవై ఏళ్లుగా ఇస్తూ వచ్చినవాళ్లకి. అలాంటివాళ్ల అనుభవం క్యాంపులకి చాలా అవసరం. భయపడే కుర్రాళ్ల పక్కన కూర్చోవడానికి వాళ్లకన్నా తగినవాళ్లు లేరు. నేత్రదానానికి గుండె జబ్బు అడ్డు కాదు. హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో వివరాలు అడగొచ్చు.

ఇక రక్తం అవసరం పడినప్పుడు. కేజీహెచ్‌కి శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, పాడేరు ఏజెన్సీ నుంచి, ఒడిశా వైపు నుంచి కూడా పేషెంట్లు వస్తారు. ఊరు కాని ఊళ్లో పేషెంటుకి తోడుగా వచ్చింది ఒక్కరే, ఆ ఒక్కరికే గుండె జబ్బు. ఇలాంటప్పుడు ఈ వరసలో వెళ్లండి:

- వార్డు డాక్టరుకి మీ జబ్బు సంగతి చెప్పండి. తర్వాత బ్లడ్ బ్యాంకు కౌంటర్‌లో చెప్పండి.
- పేషెంటుకి ఇచ్చిన రక్తానికి బదులుగా ఇచ్చేవాళ్లది అదే గ్రూపు కానక్కర్లేదేమో అడగండి. చాలాచోట్ల ఏ గ్రూపైనా తీసుకుంటారు. ఓ నెగటివ్ కోసం ఊరంతా తిరిగేముందు ఈ మాట అడగాలి.
- ముందే తేదీ ఇచ్చిన ఆపరేషనైతే ఆఖరి రోజు దాకా ఆగకండి. ఎర్ర కణాలు 35 నుంచి 42 రోజుల దాకా నిల్వ ఉంటాయి. ప్లేట్‌లెట్లే 5 రోజులు.
- సొంత అన్నదమ్ములు, పిల్లలు ఇచ్చిన రక్తాన్ని నేరుగా అదే పేషెంటుకి ఎక్కిస్తే అరుదుగానైనా ప్రాణాంతకమైన రియాక్షన్ రావచ్చు. బంధుత్వం చెప్పండి, వాళ్లు వేరే బ్యాగు ఇస్తారు.
- డబ్బులిస్తే డోనర్‌ని తెస్తామని గేటు దగ్గర ఎవరైనా అంటే దూరంగా ఉండండి. డబ్బుకి రక్తం అమ్మడం మన దేశంలో 1998 నుంచి నిషేధం.

గ్రూపుల్లో మెసేజ్ పెడితే ఇవన్నీ ఉండాలి: ఆసుపత్రి, వార్డు, ఏ గ్రూపు, ఎర్ర కణాలా ప్లేట్‌లెట్లా, ఎన్ని యూనిట్లు, ఏ తేదీ ఎన్ని గంటల లోపు, ఒక్క ఫోన్ నంబరు. "అర్జెంట్" అని మాత్రమే రాసి తేదీ వేయని మెసేజ్‌లు నెలల తరబడి తిరుగుతూ, పేషెంటు ఇంటికెళ్లిపోయాక కూడా మద్దిలపాలెం నుంచి ఎవరో ఒకరిని పరుగెత్తిస్తుంటాయి. రక్తం దొరకగానే, పెట్టిన ప్రతి గ్రూపులోనూ "దొరికింది, ఇక రావొద్దు" అని రాయండి.